బిందెలో నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

తెల్లవారింది. ఒక అక్క బిందె తీసుకుని వీధి పంపు దగ్గరికి వెళ్లింది. పంపు తిప్పింది. నీళ్లు వచ్చాయి. బిందె నిండింది. చంకన పెట్టుకుని ఇంటికి వచ్చింది.

"ఈ నీళ్లు ఎక్కడివి?" అని అడిగితే ఆమె ఏమంటుంది?

"పంపులోవి" అంటుంది.

పంపులోకి ఎక్కడి నుంచి వచ్చాయి? ట్యాంకులోంచి. ట్యాంకులోకి? ఊరి మంచినీళ్ల చెరువులోంచి. చెరువులోకి? కాలవలోంచి. కాలవలోకి? కృష్ణలోంచి.

మరి కృష్ణలోకి?

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. అసలు సంగతి అక్కడే ఉంది. నీళ్లు వచ్చిన దారి తెలిస్తే, ఆ నీళ్లలో ఏముందో తెలుస్తుంది. ఇంట్లో పిల్లలకు విరోచనాలు ఎందుకు పట్టుకున్నాయో కూడా తెలుస్తుంది. ఆ దారి వెంట ఒకసారి నడిచి చూద్దాం.

చూరు కింద బిందె

తొలకరి వాన పడింది. చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. వెంటనే బిందె పెడతారా? పెట్టరు. కాసేపు ఆగుతారు. ఎందుకు? కప్పు మీద దుమ్ము ఉంటుంది. కాకి రెట్టలుంటాయి. ఎండుటాకులుంటాయి. మొదటి వాన వాటన్నిటినీ కడిగి కిందికి తెస్తుంది. ఆ నీళ్లు పోయాక బిందె పెడతారు.

ఇది మన అమ్మమ్మలకు కూడా తెలిసిన సంగతే. ఇందులో రెండు విషయాలున్నాయి. కప్పు ఎంత పెద్దదైతే చూరు కిందికి అన్ని నీళ్లు వస్తాయి. కప్పు మీద ఏముంటే నీళ్లలోకి అదే వస్తుంది.

నదికి కూడా ఒక కప్పు ఉంది. ఎక్కడ పడిన వాన పల్లానికి జారి ఆ నదిలోకి వస్తుందో, ఆ నేలంతా నదికి కప్పు. దాన్ని పరీవాహక ప్రాంతం అంటారు. మాట పెద్దది. అర్థం చిన్నదే. "నీరు పల్లమెరుగు" అని సామెత ఉంది కదా. అదే దీని అర్థం.

కృష్ణానది మహారాష్ట్రలో మహాబలేశ్వరం కొండల్లో పుట్టింది. కర్ణాటక, తెలంగాణ దాటి మన దగ్గరికి వస్తుంది. సుమారు 1,400 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలుస్తుంది. అంత దారిలోనూ ఊళ్లున్నాయి. పొలాలున్నాయి. ఫ్యాక్టరీలున్నాయి. వాటి మీద పడిన వాన కృష్ణలోకే వస్తుంది. ఆ నది కప్పు అంత పెద్దది.

బెజవాడ దగ్గర మూడు కాలవలు

విజయవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా మొదట ఆనకట్ట కట్టారు. ఆ పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన అది. కట్టించిన ఇంజనీరు కెప్టెన్ ఓర్. దాదాపు వందేళ్లు అది నీళ్లిచ్చింది. 1952లో దానికి గండి పడింది. తర్వాత కొత్తగా బ్యారేజీ కట్టారు. 1957లో అది పూర్తయింది. టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. అదే ప్రకాశం బ్యారేజీ.

బ్యారేజీ దగ్గర నుంచి కాలవలు బయలుదేరుతాయి. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ. ఈ మూడూ విజయవాడ ఊరి మధ్య నుంచే పోతాయి. ఊరు దాటాకే పల్లెల్లోకి వస్తాయి.

నదికి రెండువైపులా కలిపి కృష్ణా డెల్టాలో సుమారు 13 లక్షల ఎకరాలు ఈ నీటి మీద పండుతాయి. పొలానికే కాదు, తాగడానికీ చాలా ఊళ్లకు ఈ నీళ్లే దిక్కు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి. అవి నోట్లో పెట్టలేం. అందుకే కాలవ వదిలినప్పుడు మంచినీళ్ల చెరువు నింపుకుంటారు. వేసవిలో కాలవ కట్టేస్తారు. అప్పుడు ఆ చెరువు నీళ్లే ఊరంతా తాగుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. కాలవ ముందు పట్నం దాటుతుంది. తర్వాత పల్లెకు వస్తుంది. పట్నంలో ఒకరు కాలవలో చెత్త సంచి విసిరారు. ఇంకొకరి మరుగుదొడ్డి గొట్టం కాలవలోకి ఉంది. ఆ నీళ్లే దిగువ ఊరి చెరువులోకి వస్తాయి.

విజయవాడలో మురుగునీటిని శుభ్రం చేసే కేంద్రాలున్నాయి. అయినా శుభ్రం కాని మురుగు కాలవల్లో కలిసే చోట్లు కూడా ఉన్నాయి. తప్పు పట్నానిది మాత్రమే కాదు. దిగువ ఊరివాళ్లు అదే కాలవలో గేదెల్ని కడుగుతారు. గట్టు మీద బహిర్భూమికి కూచుంటారు. పురుగుమందు డబ్బాలు కాలవలోనే కడుగుతారు. ఆ ఊరికి కిందా ఇంకో ఊరుంది. ప్రతి ఊరూ ఎవరికో ఒకరికి ఎగువ ఊరే.

బుడమేరు చెప్పిన పాఠం

విజయవాడకు ఇంకో ఏరు కూడా ఉంది. దాని పేరు బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుడుతుంది. విజయవాడ పక్కనుంచి పోయి కొల్లేరులో కలుస్తుంది.

బుడమేరు ఎండాకాలంలో చిన్న మురుక్కాలవలా ఉంటుంది. వాన వస్తే మాత్రం పొంగుతుంది. అందుకే పెద్దలు దాన్ని విజయవాడ దుఃఖదాయిని అన్నారు. ఆ వరదను తప్పించడానికి వెలగలేరు దగ్గర గేట్లు కట్టారు. అక్కడి నుంచి ఒక మళ్లింపు కాలవ తవ్వారు. ఆ కాలవ బుడమేరు నీటిని బ్యారేజీకి పైన కృష్ణలోకి తీసుకుపోతుంది.

2024 సెప్టెంబరు మొదట్లో కుండపోత వాన పడింది. బుడమేరు పొంగింది. అదే సమయంలో కృష్ణ కూడా పొంగింది. బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు పోయాయి. క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. అంటే రెండు బిందెలు. క్షణానికి 22 లక్షల బిందెల నీళ్లన్నమాట! కృష్ణే నిండుగా ఉంటే బుడమేరు నీళ్లు అందులోకి ఎలా పోతాయి? పోలేకపోయాయి. మళ్లింపు కాలవ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. నీళ్లు సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్లలోకి వచ్చాయి. లక్షల మంది నీళ్లలో చిక్కుకున్నారు. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా రావాల్సి వచ్చింది.

చుట్టూ నీళ్లే. తాగడానికి చుక్క లేదు. ఎందుకు? వరదనీళ్లలో మరుగుదొడ్ల గుంటలు కలిశాయి. మురుక్కాలవలు కలిశాయి. ఇంటి కింద సంపుల్లోకీ ఆ నీళ్లే చేరాయి.

పట్నంలో వరద ఎందుకు అంత తొందరగా వస్తుంది? మట్టినేల వాన నీటిని తాగుతుంది. సిమెంటు నేల తాగదు. ఇళ్లు, రోడ్లు పెరిగేకొద్దీ వాన నీళ్లు ఇంకవు. ఒక్కసారిగా ఏటిలోకి పరుగెత్తుతాయి. ఏటి గట్లు ఆక్రమిస్తే ఏరు సన్నబడుతుంది. నీళ్లు ఎక్కువ, దారి తక్కువ. అప్పుడు నీళ్లు ఇళ్లలోంచే దారి చేసుకుంటాయి.

ఆకాశం నుంచి కొల్లేరును చూశారు

బుడమేరు చివరికి కొల్లేరు చేరుతుంది. కొల్లేరు మంచినీటి సరస్సు. కృష్ణ, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉంది. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏళ్లు ఇందులో కలుస్తాయి. ఇక్కడి నుంచి ఉప్పుటేరు ద్వారా నీళ్లు సముద్రంలోకి పోతాయి. ఏళ్లు తెచ్చిన వరదను కొల్లేరు తన కడుపులో దాచుకుంటుంది. మెల్లమెల్లగా వదులుతుంది. ఏళ్లు తెచ్చిన మురికి కూడా ఇక్కడికే వస్తుంది.

కొల్లేరు ఎలా ఉందో తెలుసుకోవాలని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కొందరు పరిశోధకులు అనుకున్నారు. వాళ్లు కె. నాగేశ్వరరావు, జి. మురళీకృష్ణ, బి. హేమమాలిని. పడవ మీద తిరిగితే కొల్లేరు అంతా ఒకేసారి కనిపించదు. అందుకని మన దేశపు ఉపగ్రహం ఆకాశం నుంచి తీసిన ఫోటోను చూశారు. అది 2001 ఫిబ్రవరిలో తీసిన ఫోటో. కంప్యూటరు మీద దాన్ని ముక్కముక్కగా పరిశీలించారు. ఎక్కడ చేపల చెరువుంది, ఎక్కడ వరి ఉంది, ఎక్కడ కలుపు ఉంది, ఎక్కడ నీరుంది అని లెక్క కట్టారు. ఆ లెక్కను 2004లో కరెంట్ సైన్స్ అనే పత్రికలో అచ్చు వేశారు. కొల్లేరు మాయమవుతోందని దానికి పేరు పెట్టారు.

వాళ్ల లెక్క ఇలా ఉంది. సరస్సు మొత్తం 245 చదరపు కిలోమీటర్లు. అంటే సుమారు 60 వేల ఎకరాలు. అందులో నూటికి 42 పాళ్లు చేపల చెరువులే. వాడకంలో ఉన్నవి 1,050. ఎండిపోయినవి 38. ఇంకో ఎనిమిదిన్నర పాళ్లు సాగులోకి పోయాయి. ఎక్కువగా వరి పొలాలు. కొల్లేరును ఒక రూపాయి అనుకోండి. అందులో అర్ధరూపాయి పైగా పోయినట్టే.

మిగిలిన సగం సంగతి ఏమిటి? అందులో గుర్రపుడెక్క, ఏనుగు గడ్డి లాంటివి అల్లుకున్నాయి. ఆ ఫోటోలో తేట నీరు ఎక్కడా కనిపించలేదు. పేరుకు అది సరస్సు. ఫోటోలో నీరే లేదు.

కొల్లేరును 1999లో పక్షుల కోసం అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2006లో ప్రభుత్వం చాలా చేపల చెరువుల గట్లు కొట్టించింది. దాని మీద బతికే కుటుంబాలు కష్టపడ్డాయి. తర్వాత కొన్నిచోట్ల చెరువులు మళ్లీ వెలిశాయి. సరస్సు బాగుండాలి, మనుషులు బతకాలి. ఈ రెండూ ఎలా కుదరాలన్నది ఇప్పటికీ పెద్ద ప్రశ్నే.

నీటికీ ఊపిరి కావాలి

గుర్రపుడెక్క అంతగా ఎందుకు పెరుగుతుంది? వరికి యూరియా వేస్తే ఏమవుతుంది? ఏపుగా పెరుగుతుంది. పొలం నుంచి ఎరువు కాలవలోకి కొట్టుకొస్తే? అప్పుడు కలుపు ఏపుగా పెరుగుతుంది. మరుగుదొడ్డి మురుగు కూడా ఎరువే. చేపల చెరువుల నుంచి వదిలే నీళ్లలోనూ మేత, పెంట ఉంటాయి.

కలుపు చచ్చాక నీళ్లలో కుళ్లుతుంది. కుళ్లేటప్పుడు నీటిలో ఉన్న ప్రాణవాయువు ఖర్చవుతుంది. చేపల చెరువు ఉన్న ఊరివాళ్లకు ఇది తెలుసు. కొన్ని రోజుల్లో తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. నీటిలో ప్రాణవాయువు తగ్గిందని దానికి గుర్తు. ఇంకా తగ్గితే చేపలు చచ్చి తేలతాయి. పరిశోధకులు సీసాలో నీళ్లు పట్టుకుని కొలిచేవాటిలో ఈ ప్రాణవాయువు ఒకటి.

వాళ్లు ఇంకొకటి కూడా వెతుకుతారు. మనుషుల మలంలో ఉండే సూక్ష్మజీవులు నీటిలో ఉన్నాయా అని. అవి ఉంటే ఆ నీళ్లలో మలం కలిసిందని అర్థం. కలరా, టైఫాయిడు, పచ్చకామెర్లు, విరోచనాలు అలాంటి నీళ్ల వల్లే వస్తాయి.

ఈ సూక్ష్మజీవులు కంటికి కనిపించవు. బురదనీళ్లలో పటిక తిప్పితే తేటబడతాయి. చిల్లగింజ అరగదీసి కలిపినా తేటబడతాయి. బురద అడుక్కు పోతుంది. సూక్ష్మజీవులు మాత్రం పూర్తిగా పోవు. తేట నీళ్లన్నీ మంచినీళ్లు కావు.

లండన్‌లో ఒక పంపు

ఇందుకు ఒక పాత కథ ఉంది. జరిగిన కథే. 1854లో లండన్ నగరంలో ఒక పేటలో కలరా వచ్చింది. వందల మంది చనిపోయారు. చెడ్డ గాలి వల్ల కలరా వస్తుందని అప్పుడు చాలామంది నమ్మేవారు. జాన్ స్నో అనే డాక్టరు నమ్మలేదు. ఆయన ఇల్లిల్లూ తిరిగాడు. ఏ ఇంట్లో ఎంతమంది పోయారు? ఏ పంపు నీళ్లు తాగారు? ఇదే అడిగాడు. రాసుకున్నాడు. తర్వాత ఆ పేట పటం మీద ఇంటింటి చావులకూ గుర్తులు పెట్టి చూపించాడు. గుర్తులన్నీ ఒకే పంపు చుట్టూ గుమిగూడాయి.

ఆ పేటకు దూరంగా ఉన్న ఒక విధవరాలు కూడా కలరాతో చనిపోయింది. ఎందుకని? ఆమెకు ఆ పంపు నీళ్ల రుచి ఇష్టం. రోజూ తెప్పించుకుని తాగేది. రుచిగా ఉన్న నీళ్లే ప్రాణం తీశాయి.

డాక్టరు చెప్పినమీదట ఆ పంపు పిడి తీసేశారు. తర్వాత తవ్వి చూశారు. పంపు బావి పక్కనే ఒక ఇంటి మురుగుగుంట ఉంది. జబ్బుపడిన పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు ఆ గుంటలో పోశారు. అవి బావిలోకి ఊరాయి.

స్నో దగ్గర ఉన్నవి ఏమిటి? కాళ్లు, కాగితం, పెన్ను. నడిచాడు, అడిగాడు, రాశాడు. చదువు వచ్చిన ఏ మనిషైనా చేయగలిగిన పని అది.

ఇప్పుడు పరీక్ష మీ చేతిలో

2019లో కేంద్ర ప్రభుత్వం జల్ జీవన్ మిషన్ మొదలుపెట్టింది. ఇంటింటికీ కుళాయి ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. అందులో ఇంకో మాట కూడా ఉంది. ప్రతి ఊళ్లో అయిదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పాలి. ఎందుకు ఆడవాళ్లకే? నీళ్లు మోసేది వాళ్లు. వండేది వాళ్లు. పిల్లలకు జబ్బు చేస్తే రాత్రంతా మేలుకునేది వాళ్లు.

పరీక్ష పెట్టెలో చిన్న సీసాలు, మందులు, రంగుల పట్టీ ఉంటాయి. నీటిలో మందు చుక్క వేస్తే రంగు మారుతుంది. ఆ రంగును పట్టీతో పోల్చి అంకె చదవాలి. కొన్ని అంకెలు గుర్తుంచుకోవాలి.

నీటి పి.హెచ్. 6.5 నుంచి 8.5 లోపల ఉండాలి. అంటే మరీ పులుపు గుణం, మరీ సున్నపు గుణం ఉండకూడదు. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోతే మంచిది. 1.5 దాటకూడదు. క్లోరిన్ కలిపిన నీళ్లయితే, కుళాయి దగ్గరికి వచ్చేసరికి కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. ఏమీ మిగలకపోతే దారిలో ఎక్కడో గొట్టం పగిలి మురుగు కలిసిందేమో చూడాలి.

సూక్ష్మజీవులకు వేరే సీసా ఉంటుంది. గుర్తు ఉన్నంత వరకు నీళ్లు పోసి మూత పెట్టాలి. ఒకటి రెండు రోజులు ఉంచాలి. నీళ్లు నల్లబడితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు.

చూడడంతో పని అయిపోలేదు. రాయాలి. తేదీ, పంపు ఉన్న చోటు, వచ్చిన అంకె. ఈ మూడూ పుస్తకంలో రాయాలి. "నీళ్లు బాగా లేవు" అంటే వినేవాళ్లు మరిచిపోతారు. "ఫలానా తేదీన, ఫలానా పంపులో, సీసా నల్లబడింది" అని రాసి సంతకం పెట్టి పంచాయతీలో ఇస్తే మరిచిపోవడం కష్టం. వేలిముద్ర వేసిన చేయి అంకె రాస్తే మాటకు బలం వస్తుంది.

ఇంట్లో చేయాల్సినవి

నీళ్లు తెర్లిన తర్వాత ఒక నిమిషం పాటు బాగా మరగనివ్వాలి. చల్లార్చి అదే గిన్నెలో మూత పెట్టి ఉంచాలి. వరద తర్వాత ఇది తప్పనిసరి.

నీళ్లు ముంచడానికి పిడి ఉన్న గరిటె వాడాలి. చేయి ముంచకూడదు. చంటిపిల్లల మలం కూడా మరుగుదొడ్లోనే వేయాలి. చంటిపిల్లల మలం వల్ల జబ్బు రాదని కొందరంటారు. లండన్ పంపు కథ గుర్తు చేసుకోండి.

క్లోరిన్ బిళ్లలు వేసేటప్పుడు పొట్లం మీద రాసింది చదవాలి. ఎన్ని లీటర్లకు ఎన్ని బిళ్లలో, ఎంతసేపు ఆగాలో అక్కడ ఉంటుంది.

బిడ్డకు విరోచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. పొట్లం కలిపి పట్టాలి. అది దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపాలి. చిన్న టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండాలి. తల్లిపాలు ఆపకూడదు. బిడ్డ కళ్లు గుంటలు పడినా, మలంలో నెత్తురు పడినా, తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మరోసారి బిందె దగ్గరికి

ఆ అక్క మర్నాడు మళ్లీ పంపు దగ్గరికి వెళ్తుంది. ఈసారి బిందె నిండుతుంటే ఆమెకు దారంతా కనిపిస్తుంది. ట్యాంకు, చెరువు, కాలవ, బెజవాడ, కృష్ణ. నీళ్లు ఎన్ని చేతులు దాటి వచ్చాయో తెలుస్తుంది. ఇంటి ముందు కాలవలోకి మురికినీళ్లు ఒంపబోతూ ఒక్క క్షణం ఆగుతుంది. కిందనున్న ఊళ్లో ఇంకో అక్క బిందె పట్టుకుని నిలబడి ఉంటుంది కదా!

ఆలోచించండి. రాయండి.

1. మీ ఊరి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? దారిలో ఉన్న ఊళ్ల పేర్లు రాయండి.
2. మీ ఊరికి దిగువన ఏ ఊరుంది? మీ ఊరి మురుగు ఎక్కడికి పోతోంది?
3. మీ వీధిలో ఈ నెలలో ఎన్ని ఇళ్లలో విరోచనాలు వచ్చాయి? ఆ ఇళ్లవాళ్లు ఏ పంపు నీళ్లు తాగుతున్నారు? అడిగి రాయండి.